అడుగులతో, దిక్సూచితో సొంతంగా మ్యాపు గీయడం ఎలా

మ్యాపు గీయడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక దిక్సూచి (ఫోన్‌లో ఉన్నదైనా ఫర్వాలేదు), ఒక టేపు, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు, గట్టి పెన్సిలు, స్కేలు, కోణమానిని, గ్రాఫ్ పేపరు, మీ రెండు కాళ్లు ఉంటే చాలు. వీటితో ఓ పార్కునో, కాలేజీ ఆవరణనో, చిన్న కాలనీనో ఒక రోజు కొలుచుకుని ఇంకో రోజు గీసేయొచ్చు. కంప్యూటరు సంగతి చివర్లో చెబుతాను, కావాలనే చివర్లో పెట్టాను. ఒక్కసారైనా చేత్తో కొలిచి గీస్తే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బటన్ ఎందుకుందో దానంతట అదే అర్థమవుతుంది. అది లేకుండా నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి దిగితే రంగులు మార్చుకుంటూ కూర్చోవడమే మిగులుతుంది.

ఇందులో ముఖ్యమైన సూత్రం ఒకటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. ముందు మొత్తం చట్రం కొలవాలి, ఆ తర్వాతే లోపలి వివరాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. గేటు దగ్గర మొదలుపెట్టి, గేటు నుంచి వాచ్‌మన్ గది, గది నుంచి చెట్టు, చెట్టు నుంచి ట్యాంకు అంటూ ఒకదానికి ఒకటి ఆనించి కొలుచుకుంటూ పోతారు. ప్రతి కొలతలోనూ ఉండే చిన్న తేడా తర్వాతి కొలతకు అంటుకుంటుంది, దాని తేడా ఆ తర్వాతి దానికి. చివరి మూలకు చేరేసరికి ప్రహరీ గోడ వెళ్లి చెరువులో పడుతుంది. 1802లో బ్రిటిష్ సర్వే అధికారి విలియం లాంబ్టన్ మద్రాసులో సుమారు 12 కి.మీ. ఆధార రేఖను గొలుసుతో కొలిచి, దాని మీద త్రిభుజం తర్వాత త్రిభుజం కట్టుకుంటూ పోయింది కూడా ఇందుకే. ఆ త్రిభుజాల చట్రం నిలబడ్డాకే ఊళ్లూ వాగులూ అందులో కూర్చున్నాయి. మన పార్కుకూ అదే పద్ధతి, సైజే తేడా.

ఎవరికోసం, ఏ స్కేలులో

పెన్సిలు పట్టుకునే ముందే ఒకటి తేల్చుకోండి: ఈ మ్యాపు చూసి ఎవరు ఏం చేస్తారు? కొత్తవాళ్లు దారి కనుక్కోవడానికా, నీళ్ల పైపులు ఎటు వేయాలో చూసుకోవడానికా, ఏ చెట్టు ఎక్కడుందో లెక్క రాసుకోవడానికా? నేల ఒకటే అయినా ఇవి మూడు వేరు వేరు మ్యాపులు. దారి చూపే మ్యాపులో పైపులకు పని లేదు, పైపుల మ్యాపులో బెంచీలకు పని లేదు. "అన్నీ పెట్టేద్దాం, ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుంటారు" అనుకుంటే చివరికి అది ఎవరికీ అక్కరకు రాదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో గీయించిన మ్యాపులో కంటికి ఆనేవి వీధులు, చావులను చూపే నల్ల గీతలు, నీటి పంపులు. బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గీతలు గుంపుకట్టడం అందుకే ఎవరికైనా కనిపిస్తుంది. 1933లో అచ్చయిన హ్యారీ బెక్ లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ల మ్యాపు ఇంకో అడుగు ముందుకేసి దూరాలనే వదిలేసింది, ఎందుకంటే రైల్లో కూర్చున్నవాడికి ఎక్కడ దిగాలి, ఎక్కడ మారాలి అన్నదే కావాలి గానీ పైన నేల మీద ఎన్ని మీటర్లో అక్కర్లేదు.

ఇక స్కేలు, అంటే నేలను కాగితం మీద ఎన్ని రెట్లు తగ్గించి గీస్తామన్నది. 1:1000 అంటే కాగితం మీద 1 సెం.మీ.కి నేల మీద 10 మీటర్లు, 1:500 అంటే 5 మీటర్లు. మీరు కొలవబోయే జాగా సుమారు 150 మీటర్లు ఉందనుకుందాం. 1:1000లో అది 15 సెం.మీ., ఏ4 కాగితంలో హాయిగా పట్టి చుట్టూ పేర్లకూ గుర్తుల సూచికకూ చోటు మిగులుతుంది. 1:500కి వెళితే 30 సెం.మీ., ఏ4 చాలదు.

స్కేలు ముందే తేల్చుకోమనడానికి అసలు కారణం కాగితం సైజు కాదు. ఎంత కచ్చితంగా కొలవాలో చెప్పేది స్కేలే. సన్న పెన్ను గీత మందం 0.25 మి.మీ. అనుకోండి, 1:1000లో ఆ గీత కింద 25 సెం.మీ. నేల మునిగిపోతుంది. గోడను మీరు సెంటీమీటరు తేడా రాకుండా కొలిచినా ఆ తేడా చూపించేంత సన్నటి గీత మీ దగ్గర లేదు. కాబట్టి అడుగులతో కొలిచినా చెల్లేచోట టేపు పట్టుకుని చెమటలు కక్కక్కర్లేదు. ఇదే లెక్క పెద్ద మ్యాపుల్లోనూ చూడండి: 1:50,000 మ్యాపులో అర మిల్లీమీటరు మందం ఉన్న రోడ్డు నిజంగా అయితే 25 మీటర్ల వెడల్పు ఉండాలి. ఉండదు. కనిపించడం కోసం దాన్ని లావు చేశారు, లావు చేసినందుకు పక్కనున్న ఇళ్లను కాస్త అవతలికి జరిపారు. ఇది మోసమేమీ కాదు, మ్యాపు పనిలో భాగమే, మీరూ చేస్తారు.

అడుగు విలువ కట్టుకోవడం

చదునైన చోట టేపుతో 100 మీటర్లు కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టండి. మీ మామూలు నడకతో అటూ ఇటూ నాలుగైదుసార్లు నడవండి, కుడికాలు నేల తాకిన ప్రతిసారీ ఒకటి చొప్పున లెక్కపెట్టండి. రెండు కాళ్లూ లెక్కపెడితే అంకె పెద్దదై మధ్యలో తప్పిపోతుంది. సగటు 66 వచ్చిందనుకోండి, 100ని 66తో భాగిస్తే మీ జంట అడుగు 1.52 మీటర్లు. దీన్ని అట్ట మీద పెద్దగా రాసుకోండి. కొలుస్తున్నామన్న స్పృహతో అడుగు సాగదీసి వేయకండి, పది నిమిషాల్లో కాళ్లు మళ్లీ మామూలు నడకకు వచ్చేస్తాయి, అప్పుడు లెక్కంతా పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ కూడా అడుగు పొట్టిదవుతుంది, వాలు మరీ ఎక్కువున్న చోట మాత్రం టేపు వాడండి, టేపును నేలకు ఆనించకుండా అడ్డంగా, సమంగా పట్టుకోండి. మ్యాపులోకి ఎక్కేది సమతల దూరమే, వాలు పొడవు కాదు.

దిక్సూచితో ఒక దిశను డిగ్రీల్లో చదవడాన్ని బేరింగ్ అంటారు. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఫోన్ దిక్సూచి వాడేటట్టయితే మాగ్నెట్ ఉన్న కవరు తీసేయండి, గాలిలో ఎనిమిది అంకెలా తిప్పి సరిచేసుకోండి, సెట్టింగ్స్‌లో నిజ ఉత్తరమా (ఉత్తర ధ్రువం ఉన్న దిక్కు), అయస్కాంత ఉత్తరమా (ముల్లు చూపే దిక్కు) అన్నది ఏదో ఒకదాని మీద పెట్టి చివరిదాకా మార్చకండి. కార్లు, ఇనుప గేట్లు, కాంక్రీటు స్తంభాల్లోని కమ్మీలు అన్నీ ముల్లును పక్కకు లాగుతాయి. 1 డిగ్రీ తప్పు 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తప్పవుతుందని గుర్తుంచుకుంటే ముల్లు కుదురుకునేదాకా ఆగే ఓపిక దానంతట అదే వస్తుంది.

చట్రం: చుట్టూ తిరిగి మొదటికి రావడం

జాగా చుట్టూ ఓసారి ఊరికే నడిచి రండి. ఒకచోటు నుంచి పక్కది కనిపించేలా నాలుగైదు స్థానాలు ఎంచుకుని మేకు కొట్టండి, లేదా సుద్దతో గుర్తు పెట్టండి. మూలల మీదే ఉండాలని లేదు, కనుచూపు అందడమే ముఖ్యం. 1 నుంచి 2కి బేరింగ్ చదివి నడిచి దూరం రాసుకోండి, 2కి చేరాక వెనక్కి తిరిగి 1ని చూసి మళ్లీ బేరింగ్ చదవండి. ఈ రెండింటికీ తేడా 180 రావాలి. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే సగటు తీసుకోండి, అంతకు మించితే దగ్గర్లో ఎక్కడో ఇనుముంది, నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ చదవండి. ఇలా చుట్టూ తిరిగి తిరిగి 1కే రావాలి. దీన్నే క్లోజ్డ్ ట్రావర్స్ అంటారు. మొదటికి రావడంలోనే కిటుకంతా ఉంది, తప్పు ఎంతో అక్కడ బయటపడుతుంది.

ఒక లెక్క చూద్దాం. నాలుగు స్థానాలు, సరిచేసిన కొలతలు ఇవి:

1 నుంచి 2: 40°, 120 మీ.
2 నుంచి 3: 130°, 90 మీ.
3 నుంచి 4: 222°, 115 మీ.
4 నుంచి 1: 310°, 88 మీ.

గ్రాఫ్ పేపరు నిలువు గీతలను ఉత్తరంగా తీసుకుని, కోణమానినితో 1:1000లో ఒకదాని తర్వాత ఒకటి గీయండి. 12 సెం.మీ., 9, 11.5, 8.8. చివరి గీత వచ్చి మొదటి చుక్క మీద పడాలి కదా, పడదు. దానికి కాస్త పైన, కొద్దిగా కుడివైపు, సుమారు 5.5 మి.మీ. దూరంలో ఆగుతుంది. అంటే నేల మీద ఐదున్నర మీటర్ల తేడా. మొత్తం చుట్టుకొలత 413 మీటర్లు కాబట్టి తప్పు సుమారు 75లో 1 వంతు. అడుగులతో, చేతి దిక్సూచితో చేసినదానికి ఇది చాలా నయం. నా లెక్కలో 50లో 1 వంతు వరకూ ఒప్పుకోవచ్చు, 30లో 1 దాటితే ఏదో ఒక గీతలో పెద్ద పొరపాటుంది, అంకె తిరగేసి రాసి ఉంటారు లేదా లెక్కలో ఓ పది అడుగులు తప్పి ఉంటాయి. అలాంటిదాన్ని సర్దకూడదు, వెతికి మళ్లీ కొలవాలి.

సర్దదగ్గ తప్పును మాత్రం అందరికీ పంచాలి. చివరి గీతనే లాగి చుక్కకు తగిలించేస్తే పాపమంతా దాని నెత్తిన వేసినట్టు. నడిచిన దూరం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ జరపడం సరైన పద్ధతి, నథానియల్ బౌడిచ్ అనే అమెరికన్ గణితజ్ఞుడి పేరు మీద చెలామణీ అవుతున్న నియమం ఇదే. పై లెక్కలో 2వ స్థానం దాకా నడిచింది 413లో 120 మీటర్లు కాబట్టి దాన్ని 5.5 మి.మీ.లో అదే వంతు, అంటే 1.6 మి.మీ. జరపాలి. 3వ దానికి 413లో 210 వంతు (120, 90 కలిపి), 2.8 మి.మీ. 4వ దానికి 325 వంతు, 4.3 మి.మీ. చివరి కొసకు పూర్తి 5.5 మి.మీ. అన్నీ ఒకే దిశలో, కొస నుంచి మొదటి చుక్క వైపు గీసిన గీతకు సమాంతరంగా జరపండి. కొత్త చుక్కలు కలిపితే బొమ్మ మూసుకుంటుంది. పాత గీతలు చెరిపేయండి, చట్రం సిద్ధం.

వివరాలు నింపడం

ఇప్పుడు మళ్లీ జాగాకు వెళ్లి (ఓపికుంటే చట్రం కొలిచేటప్పుడే చేసేయొచ్చు) ఒక్కో గీత వెంబడి నడవండి. 1 నుంచి 2కి వెళుతుంటే 34 మీటర్ల దగ్గర ఎడమవైపు 6 మీటర్లలో గది మూల, 41 దగ్గర అదే గది రెండో మూల, 58 దగ్గర కుడివైపు 3 మీటర్లలో చెట్టు. గీతకు లంబంగా కొలిచే ఈ అడ్డ దూరాలను ఆఫ్‌సెట్లు అంటారు. వీటిని పొట్టిగా ఉంచండి, 15 మీటర్లు దాటితే కంటి అంచనాతో వేసిన లంబం పక్కకు ఒరిగిపోతుంది.

రాసుకునే తీరు కూడా చెప్పాలి. నోటుపుస్తకం పేజీ మధ్యలో నిలువుగా రెండు గీతలు గీయండి, మీరు నడిచే దారి అది. పేజీ అడుగు నుంచి పైకి రాసుకుంటూ పోండి, దూరాలు గీతల మధ్య, ఎడమవైపు వస్తువులు ఎడమన, కుడివైపువి కుడిన. పుస్తకాన్ని నడిచే దిక్కుకు పట్టుకుంటే కాగితమూ నేలా ఒకే తీరులో కనిపిస్తాయి, తికమక ఉండదు. తప్పు రాస్తే రబ్బరు వాడకండి, ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాయండి. ఇంటికి వచ్చాక కొన్నిసార్లు మీరు కొట్టేసిందే ఒప్పని తేలుతుంది.

దగ్గరికి వెళ్లలేనివి ఉంటాయి, చెరువు మధ్య మంటపం, కంచె అవతలి టవరు లాంటివి. వాటికి రెండు స్థానాల నుంచి బేరింగ్ తీసుకుంటే చాలు, కాగితం మీద రెండు గీతలూ కలిసే చోటే అది. రెండు గీతలూ 90 డిగ్రీలకు దగ్గరగా ఖండించుకుంటే మంచిది, 30 కంటే తక్కువ కోణంలో కలిస్తే అవి ఎక్కడ కలిశాయో చెప్పడమే కష్టం. మూడో స్థానం నుంచి కూడా ఓ గీత వేస్తే అనుమానం తీరిపోతుంది. చెరువు గట్టు, కాలిబాట లాంటి వంకరలకు ప్రతి మలుపూ కొలవకండి, తిరిగే చోట్లు మాత్రం కొలిచి మధ్యలో చూస్తూ చేత్తో గీయండి.

ఒక హెచ్చరిక. చూడని చోట ఏదో ఉండి ఉంటుందని గీయకండి, ఖాళీగా వదిలేయండి. 1798లో బ్రిటిష్ భూగోళవేత్త జేమ్స్ రెన్నెల్ గీసిన మ్యాపులో పశ్చిమాఫ్రికా అంతటా కాంగ్ పర్వతాలనే వరుస ఉంది. అలాంటి పర్వతాలు లేనే లేవు, అయినా ఒకరిని చూసి ఒకరు 19వ శతాబ్దం చివరిదాకా వాటిని మ్యాపుల్లో గీస్తూనే పోయారు. పసిఫిక్ మహాసముద్రంలో న్యూ కాలడోనియా దగ్గర శాండీ ఐలాండ్ అనే దీవి కథ ఇంకా విచిత్రం, 2012లో ఆస్ట్రేలియా పరిశోధన ఓడ ఒకటి అక్కడికి వెళ్లి చూస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు, అప్పటిదాకా డిజిటల్ మ్యాపుల్లో కూడా ఉందది.

ఎత్తుపల్లాలు కావాలంటే తాపీమేస్త్రీలు వాడే నీళ్ల పైపే మంచి సాధనం. పారదర్శకమైన పొడవాటి గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి రెండు చివర్లా ఇద్దరు పట్టుకుంటే రెండు చోట్లా నీటి మట్టం ఒకటే, అక్కడి నుంచి నేలకు కొలిస్తే ఎత్తుల తేడా తెలుస్తుంది. అలా కొన్ని చుక్కల ఎత్తులు రాసుకుని మధ్యలో లెక్క కట్టండి. కాగితం మీద 18 మి.మీ. దూరంలో ఉన్న రెండు చుక్కల ఎత్తులు 2.3, 4.1 మీటర్లు అయితే 3 మీటర్ల గీత మొదటి చుక్క నుంచి 7 మి.మీ. దగ్గర పోతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పోతే సమోన్నత రేఖలు వచ్చేస్తాయి. 1770ల్లో స్కాట్లాండ్‌లోని షిహాలియన్ కొండ కొలతల రాశి ముందేసుకుని గణితజ్ఞుడు చార్లెస్ హట్టన్ చేసింది ఇదే పని. రేఖలు ఒకదాన్నొకటి ఖండించకూడదు. వాగు దాటేచోట వాటి మొన ఎగువ వైపు ఉండాలి, దిగువకు తిరిగిందంటే ఎక్కడో తప్పు రాశారు.

శుభ్రంగా గీయడం, పేర్లు రాయడం

పెన్సిలు ప్రతి మీద ట్రేసింగ్ పేపరు వేసి ఇంకుతో గీసేది ఇప్పుడు. చాలామంది గీతలన్నీ గీసేసి చివర్లో పేర్లకు చోటు వెతుకుతారు, దొరకదు. ముందు పేర్లు రాయండి, తర్వాత గీతలు గీస్తూ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆపి అవతల మళ్లీ మొదలుపెట్టండి. కన్ను ఆ ఖాళీని తనే పూరించుకుంటుంది.

చుక్కకు పేరు ఎక్కడ రాయాలి? కుడివైపు కొంచెం పైన. స్విట్జర్లాండ్ మ్యాపుల నిపుణుడు ఎడ్వర్డ్ ఇమ్హోఫ్ పెట్టిన పద్ధతుల్లో ఇదొకటి, చాలా సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ దీన్నే మొదటి ఎంపికగా తీసుకుంటాయి. అయితే ఆ పద్ధతులన్నీ లాటిన్ అక్షరాల కోసం పుట్టినవి, తెలుగుకు వచ్చేసరికి కొన్ని చోట్ల చేయి తిప్పాలి. మన అక్షరాలకు కింద వత్తులు, పైన తలకట్లు, గుడులు ఉంటాయి, నిలువుగా ఎక్కువ చోటు తింటాయి. పేరును ఇంకాస్త పైకి జరపకపోతే వత్తు వచ్చి రోడ్డు గీతకు తగులుకుంటుంది, రెండు వరుసల్లో రాసిన పేరులో పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లోకి దూరిపోతాయి. రెండోది, పెద్ద ఊళ్లకు పెద్దబడి అక్షరాలు రాసే సౌకర్యం మనకు లేదు, కాబట్టి ముఖ్యమైనదాన్ని సైజుతోనో మందంతోనో చూపాలి. మూడు సైజులు చాలు, నాలుగోది పెడితే తేడా ఎవరికీ తెలియదు. నీటి పేర్లకు లాటిన్‌లో వాలు అక్షరాలు వాడతారు. తెలుగు ఫాంటును వంచితే చూడటానికి బాగోదు, నేనైతే నీలం రంగుతో సరిపెడతాను, వాగు ఒంపు వెంట పేరును కూడా ఒంపుతాను. పెద్ద ప్రాంతమంతటా పేరు పరవాలంటే అక్షరాల మధ్య ఎడం ఇస్తాం కదా, అప్పుడు 'రాష్ట్రం' అనే మాటలో 'రా' ఒకచోట, 'ష్ట్రం' ఒకచోట పడాలి తప్ప వత్తులు విడిపోకూడదు.

రంగులు తక్కువ వాడండి. వెనకాల ఉండాల్సినవి (గడ్డి, నీళ్లు) లేతగా, ముందుకు రావాల్సినవి (దారులు, భవనాలు) ముదురుగా. ఎరుపు, ఆకుపచ్చల తేడా మీద మాత్రమే ఆధారపడే గుర్తులు పెట్టకండి, ఆ రెండు రంగుల మధ్య తేడా తెలియనివాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. ఓసారి బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీసి చూడండి, అందులోనూ అర్థమైతే రంగులు సరిగ్గా కుదిరినట్టే.

స్కేలును అంకెలతో మాత్రమే రాయకుండా 0, 20, 40 మీటర్లు అంటూ గుర్తులున్న చిన్న పట్టీ గీయండి. మ్యాపును ఎవరైనా పెద్దది చేసి ప్రింట్ తీసినా, ఫోన్‌లో సాగదీసినా పట్టీ కూడా దాంతోపాటే సాగుతుంది, 1:1000 అన్న అంకె మాత్రం ఆ క్షణమే అబద్ధమైపోతుంది. ఉత్తరం బాణం, కొలిచిన తేదీ, అవసరమైన గుర్తులకే సూచిక. చెట్టు బొమ్మ పక్కన 'చెట్టు' అని రాయక్కర్లేదు.

కంప్యూటర్‌లోకి తేవడం

ఉచితంగా దొరికే మ్యాపు సాఫ్ట్‌వేర్లలో క్యూజీఐఎస్ చాలు, 2002 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు, మామూలు ల్యాప్‌టాప్ మీద పనిచేస్తుంది. మీ కాగితం మ్యాపును స్కాన్ చేసి అందులోని జియోరెఫరెన్సర్‌లో (బొమ్మను భూమి మీద దాని చోట కూర్చోబెట్టే సాధనం) తెరవండి, అక్షాంశ రేఖాంశాలు తెలిసిన చోట్లను గుర్తించి అతికించండి. గుర్తులు ఐదారైనా ఉండాలి, నాలుగు అంచులకూ పరిచినట్టుండాలి. అన్నీ ఒక మూల కుక్కితే అవతలి మూల తిరిగిపోతుంది. మొదట చెప్పిన చట్రం సూత్రమే ఇక్కడా.

ఆ చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఫోన్ జీపీఎస్‌తో తీసుకోవచ్చు, కానీ దాని మీద భ్రమలు వద్దు. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు చెబుతుంది, ఎత్తైన భవనాల మధ్యా, దట్టమైన చెట్ల కిందా ఇంకా తప్పుతుంది. తప్పు పంచి సర్దాక, చిన్న జాగాలో మన అడుగుల కొలత సాధారణంగా దీనికంటే మెరుగు. అందుకే చట్రం ఆకారం అడుగులతో, భూమి మీద దాని స్థానం జీపీఎస్‌తో తీసుకోవడం మంచి పొత్తు. డిగ్రీల్లో ఐదో దశాంశ స్థానం సుమారు ఒక మీటరు, ఫోన్ ఎనిమిది స్థానాలు చూపించినా ఆ మిగతావన్నీ అలంకారమే. ఎత్తు విషయంలో ఫోన్ జీపీఎస్ ఇంకా బలహీనం. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి తీసిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా ఉచితమే గానీ దాని చుక్కల మధ్య దూరం 30 మీటర్లు, కొండల మ్యాపుకు బంగారం, పార్కుకు దండగ.

చాలామందిని ఇబ్బంది పెట్టేది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి దించే పద్ధతి. గుండ్రటి భూమిని ఏ మార్పూ లేకుండా చదును చేయలేమని గణితజ్ఞుడు గౌస్ 1827లోనే నిరూపించాడు. ఆకారమో, విస్తీర్ణమో, దూరమో ఏదో ఒకటి చెడాల్సిందే. 1569 నాటి మెర్కేటర్ మ్యాపు ఓడ నడిపేవాళ్ల కోసం దిశను కాపాడి విస్తీర్ణాన్ని వదిలేసింది, అందుకే అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. వెబ్ మ్యాపులు ఎక్కువగా వాడే వెబ్ మెర్కేటర్ (ఈపీఎస్‌జీ 3857) కూడా ఆ కుటుంబమే. దాని అంకెలతో నేరుగా దూరం లెక్క కడితే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర రెట్టింపు వస్తుంది. చిన్న జాగాకు యూటీఎం పెట్టుకోండి. భూమిని 6 డిగ్రీల చొప్పున 60 జోన్లుగా విడగొట్టిన పద్ధతి అది, మీ జోన్ ఎంచుకుంటే కొలతలు మీటర్లలో, దాదాపు నిజంగా వస్తాయి. ఇంకో చిన్న సంగతి: కొన్ని ఫైళ్లలో అక్షాంశం ముందుంటుంది, కొన్నింటిలో రేఖాంశం. మీ పార్కు ఎక్కడో సముద్రంలో తేలితే ముందు అది చూసుకోండి. ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలోనే తేలితే డేటాలో అక్షాంశ రేఖాంశాల చోట సున్నాలున్నాయని అర్థం.

చుట్టుపక్కల రోడ్లూ వాగులూ కావాలంటే 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకోవచ్చు, మ్యాపు మూలన వాళ్ల పేరు వేయాలి, అంతే. వేరే కంపెనీల మ్యాపుల మీద అనుమతి లేకుండా ట్రేస్ చేసి దాంట్లో ఎక్కించడం మాత్రం నిషిద్ధం. మీరు నడిచి కొలిచినది నిస్సంకోచంగా ఎక్కించండి, అది మీ సొత్తు. తెలుగు పేర్లకు నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు వాడండి, ప్రింటుకు పంపేముందు వంపు తిరిగిన పేర్లలో వత్తులు విడిపోయాయేమో ఒక్కొక్కటీ దగ్గరికి జూమ్ చేసి చూడండి.

చేతికిచ్చి చూడటం

ఆ చోటు అసలు తెలియని ఒకరిని పిలిచి మ్యాపు చేతికివ్వండి. గేటు దగ్గర నిలబెట్టి ఫలానా చోటికి వెళ్లమని చెప్పండి, మీరు వెనకాల నడుస్తూ నోరు మూసుకోండి. ఇదే అన్నిటికంటే కష్టం, ఎడమకు తిరగమని నాలుక దాకా వస్తుంది. వాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ మ్యాపును తిప్పి పట్టుకున్నారు, ఎక్కడ తలెత్తి చుట్టూ చూశారు, అవన్నీ ఒక జిరాక్స్ ప్రతి మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకోండి. తిరిగొచ్చాక "బాగుందా?" అని అడక్కండి, బాగుందనే అంటారు. ఆగిన చోట ఏం వెతికారో అడగండి. తరచుగా వచ్చే జవాబు ఏమిటంటే, కళ్లెదుట పెద్దగా కనిపించే నీళ్ల ట్యాంకు మ్యాపులో లేదని, మ్యాపులో ఉన్న పూలమడి కళ్లకు ఆనలేదని.

సరిదిద్దాల్సినవన్నీ ట్రేసింగ్ ప్రతిలోనే ఉంటాయి, కింది పెన్సిలు ప్రతిని ముట్టుకోనక్కర్లేదు. ఆ ప్రతినీ, కొలతల పుస్తకాన్నీ పారేయకండి. ఏడాది తర్వాత కొత్త షెడ్డు కట్టినా, దారి మార్చినా మళ్లీ చుట్టూ తిరగాల్సిన పని లేదు, దగ్గర్లో ఉన్న గీత నుంచి రెండు ఆఫ్‌సెట్లు కొలిచి, కొత్త ట్రేసింగ్ గీసి, తేదీ మార్చేస్తే సరి.